పేదరికానికి కొలమానం ఏది?

వైద్య కళాశాలల ప్రవేశాలకూ భారత రాజ్యాంగ చరిత్రకూ మధ్య ఉన్న బంధం చాలా పాతది. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజులలో, 1951లో, సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన చంపకం దొరైరాజన్ వ్యాజ్యం వైద్య కళాశాల సీట్లను గురించినదే. ఆ తీర్పు పర్యవసానంగానే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది. డెబ్భై ఏళ్ల తరువాత, 2021లో, వైద్య కళాశాల వాకిటనే మరొక ప్రశ్న తలెత్తింది. వెనుకబడినవారెవరు అన్నది నాటి ప్రశ్న. పేదవారెవరు అన్నది ఈనాటి ప్రశ్న. వినడానికి రెండోదే సులభంగా తోస్తుంది. నిజానికి అదే కఠినమైనది.

1992లో ఇంద్రా సహానీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, కేవలం ఆర్థిక ప్రమాణం ఆధారంగా ఇచ్చిన 10 శాతం కోటాను కొట్టివేసింది. 2019 జనవరిలో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ ఆ అడ్డంకిని తొలగించింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులు కాని వారిలో ఆర్థికంగా బలహీనులైనవారికి 10 శాతం వరకు రిజర్వేషన్ కల్పించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. ఆ నెల 17న వెలువడిన ఉత్తర్వు ఆ బలహీనతకు హద్దులు గీసింది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండాలి. 5 ఎకరాలు గాని అంతకు మించి గాని సాగుభూమి ఉండరాదు. ఇంటికీ ఇంటిస్థలానికీ కూడా పరిమితులు పెట్టారు.

2021 జులై 29న ఈ కోటాను, దానితోపాటు వెనుకబడిన తరగతుల 27 శాతం కోటాను, వైద్య విద్యలోని అఖిల భారత కోటా సీట్లకు వర్తింపజేశారు. ప్రభుత్వ కళాశాలల పి.జి. సీట్లలో సగం ఈ కోటాలోనివే. కొందరు వైద్యులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. విచారణలో న్యాయమూర్తులు అడిగినది సాదా ప్రశ్న: ఈ 8 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ అధ్యయనం చేసి ఈ అంకెకు వచ్చారు?

ఆ అంకె వెనుకబడిన తరగతులలో సంపన్న శ్రేణిని, వాడుకలో క్రీమీలేయర్‌ను, వేరు చేయడానికి 2017లో నిర్ణయించిన పరిమితి. అక్కడ దాని పని ఒక వెనుకబడిన సమూహంలో ముందుకు సాగిపోయినవారిని పక్కన పెట్టడం. అదే గీతను తెచ్చి, వెనుకబడని సమూహంలో దిగువన మిగిలినవారిని లోనికి తీసుకోవడానికి వాడారు. మెరకను కొలవడానికి పాతిన రాయి పల్లాన్ని కొలవడానికి పనికి వస్తుందా? 2019 జనవరి నాటికి ఆదాయపు పన్ను మొదలయ్యే ప్రాథమిక పరిమితి 2.5 లక్షలే. ఒక శాఖ దృష్టిలో పన్ను చెల్లించగల స్తోమత ఉన్న గృహస్థు, మరొక శాఖ దృష్టిలో ఆర్థికంగా బలహీనుడయ్యాడు.

గీత ఎక్కడ గీసినా దాని అంచున నిలిచినవారికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది. అది పాలనలో తప్పనిది. దానిని తప్పుగా ఎంచనక్కరలేదు. ఇక్కడే ఎందుకు గీశారని అడిగినప్పుడు జవాబు సిద్ధంగా లేకపోవడమే తప్పు. 2021 నవంబరు 25న ప్రభుత్వం పునఃపరిశీలనకు అంగీకరించి, అజయ్ భూషణ్ పాండే, వి.కె. మల్హోత్రా, సంజీవ్ సన్యాల్‌లతో కమిటీని నియమించింది. డిసెంబరు 31న వచ్చిన నివేదిక 8 లక్షలనే నిలబెట్టింది. ఇంటికి సంబంధించిన పరిమితులను తొలగించాలనీ, 5 ఎకరాల నిబంధనను ఉంచాలనీ, మార్పులను మరుసటి ఏడాది నుంచే వర్తింపజేయాలనీ సూచించింది. ఒకే అంకె అయినా కొలిచే తీరు వేరని దాని వాదన: వెనుకబడిన తరగతుల లెక్కలో జీతమూ వ్యవసాయాదాయమూ చేరవు, వరుసగా మూడేళ్లు చూస్తారు, ఇక్కడ అన్ని ఆదాయాలూ కలుపుతారు, గడచిన ఒక్క ఏడాదినే చూస్తారు. వాదనలో బలం లేకపోలేదు. అయితే కారణం ముందూ నిర్ణయం తరువాతా రావలసి ఉండగా, ఇక్కడ ఆ వరుస తారుమారైంది.

ఇక 5 ఎకరాల సంగతి. కృష్ణా డెల్టాలో కాలువ కింద మాగాణి నాలుగున్నర ఎకరాలు ఉన్న కుటుంబం, ఇతర ఆదాయం పరిమితి దాటకుంటే, అర్హమవుతుంది. అనంతపురంలో వానకు ఎదురుచూసే మెట్ట ఆరెకరాల వేరుశనగ రైతు, ఆ ఏడు గింజ ఇంటికి రాకపోయినా, అనర్హుడు. భూమి శిస్తు నిర్ణయించేటప్పుడు తరి, మెట్ట భేదాన్ని పాత రెవెన్యూ అధికారులు కూడా మరచిపోలేదు.

పి.జి. ప్రవేశం దగ్గర ఈ కొలమానం మరింత విచిత్రంగా కనిపిస్తుంది. అక్కడ నిలిచినది పదిహేడేళ్ల విద్యార్థి కాదు; అయిదున్నరేళ్లు చదివి, ఇంటర్న్‌షిప్ ముగించిన వైద్యుడు. ఉత్తర్వు ప్రకారం కుటుంబమంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పద్దెనిమిదేళ్లు నిండని తోబుట్టువులు, పిల్లలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ ఇంటి అప్పు తీర్చిన కూలీ కుమార్తె జీతం ఆమెను అనర్హురాలిని చేయవచ్చు. దశాబ్దాల పాటు పిల్లవాడిని ఖరీదైన బడిలో, కోచింగ్ కేంద్రంలో చదివించిన తండ్రి నిరుడే వ్యాపారం మూసుకొని ఉంటే, ఆ కుమారుడు అర్హుడు కావచ్చు. తహశీల్దారు ఇద్దరి విషయంలోనూ నిబంధన తప్పలేదు. ఆయనను అడిగిన ప్రశ్నే వేరు.

2022 జనవరి 20న వెనుకబడిన తరగతుల కోటాను సమర్థిస్తూ న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎ.ఎస్. బోపన్న ఒక మాట స్పష్టం చేశారు. పరీక్షలో వచ్చిన మార్కులు మాత్రమే ప్రతిభ కాదు. వాటి వెనుక కుటుంబం, బడి, సాంస్కృతిక వనరులు ఉంటాయి. పట్టభద్రుడైనంత మాత్రాన సామాజిక అంతరం తొలగిపోదు. కులం విషయంలో ఇది నిజం. పట్టాతో ఇంటిపేరు మారదు. పేదరికం అలాంటిది కాదు. అది వస్తుంది, పోతుంది. కొన్ని ఇళ్లలో ఒక్క తరంలోనే పోతుంది. కాని పోయిన పేదరికం కూడా విద్యార్థి మార్కులపై తన గుర్తు వదలి వెళ్తుంది. అర్థం కాని ఇంగ్లీషు పుస్తకం, లేని ప్రయోగశాల, సాయంత్రం పూట పొలం పని, ఇవి నిరుటి ఆదాయపు పత్రంలో కనిపించవు. ఆ లోటును భర్తీ చేయడమే రిజర్వేషన్ ఉద్దేశమైతే, కొలవవలసినది చదువుకున్న ఏళ్లను. నిరుటి ఏడాది కొలత మరేదో పనికి ఉద్దేశించినది.

ఇది పాలనకు సాధ్యమా అని అధికారులు అడగవచ్చు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కింద స్థానికతను తేల్చడానికి విద్యార్థి ఏ ఏడు ఎక్కడ చదివాడో స్టడీ సర్టిఫికెట్లు అడగడం తెలుగు రాష్ట్రాలలో అర్ధ శతాబ్దపు అలవాటు. తమిళనాడు 2020లో ఎం.బి.బి.ఎస్. సీట్లలో 7.5 శాతాన్ని, ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి కేటాయించింది. అక్కడ కులంతో నిమిత్తం లేకుండా బడే సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని పి.జి. వరకు తీసుకువెళ్లడానికి కొత్త యంత్రాంగం అక్కరలేదు.

2022 నవంబరు 7న రాజ్యాంగ ధర్మాసనం 3-2 ఆధిక్యంతో 103వ సవరణను సమర్థించింది. ఆర్థిక ప్రమాణం తనంతట తాను తప్పు కాదన్న విషయంలో ఐదుగురికీ భేదం లేదు. ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్, న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ విభేదించినది మరొక చోట: షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల పేదలను ఈ కోటా నుంచి మినహాయించడం సమానత్వానికి విరుద్ధమని. దేశంలోని పేదలలో ఎక్కువమంది ఆ వర్గాలవారేనని తెలిసినవారికి ఈ అభ్యంతరం తేలికగా కొట్టివేయదగినదిగా తోచదు.

ఈ వాదోపవాదాల నడుమ ఆసుపత్రులు నిరీక్షించాయి. 2021 సెప్టెంబరు 11న పరీక్ష ముగిసినా, అక్టోబరులో మొదలు కావలసిన కౌన్సెలింగ్ 2022 జనవరి 12న గాని మొదలు కాలేదు. డిసెంబరులో ఢిల్లీ రెసిడెంట్ వైద్యులు వీధికెక్కారు. కోవిడ్ మరొకసారి విజృంభిస్తున్న వేళ, వార్డులలో ఒక బ్యాచి వైద్యుల కొరత. జనవరి 7న న్యాయస్థానం ఆ ఏడాదికి పాత ప్రమాణాలతోనే ప్రవేశాలకు అనుమతించి, ప్రమాణాల చెల్లుబాటును తరువాత విచారిస్తామన్నది. రోగి మంచం పక్కన ఖాళీగా ఉన్న స్థానం ముందు, 8 లక్షలు ఎందుకన్న ప్రశ్న ఆగవలసి వచ్చింది. 2019 జనవరిలో ఉత్తర్వు రాసిన రోజునే ఆ ప్రశ్న వేసుకొని ఉంటే, దానికి రెండు మూడు వారాలు పట్టి ఉండేవేమో.