పదో వంతు బోయింగ్

1960లో ఎయిర్ ఇండియాకు తొలి జెట్ విమానం వచ్చింది. బోయింగ్ 707. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 43 మీటర్లు, నిండుగా ఉంటే బరువు సుమారు 140 టన్నులు. అలాంటిదాన్ని పదో వంతుకు కుదించి, కిట్ కొనకుండా అన్నీ సొంత చేతులతో చేసి, రిమోట్‌తో ఎగరేయాలని పూనుకునేవాళ్లున్నారు. పిల్లల ఆట అనుకుంటే పొరపాటే!

చిక్కంతా లెక్కలో ఉంది. పొడవు పదో వంతయితే రెక్క వైశాల్యం నూరో వంతు, ఘనపరిమాణం వెయ్యో వంతు. ఆ ప్రకారం నమూనా 140 కిలోలు తూగాలి. దిగే వేగం రెక్క మోసే బరువును బట్టి ఉంటుంది కాబట్టి, అసలు విమానం గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో దిగితే, ఇది 80తో దిగుతుంది. చూసేవారికి అది దూసుకొచ్చినట్టే ఉంటుంది. అచ్చం పెద్ద విమానంలా హుందాగా, వేగంలోనూ పదో వంతుగా, పాతిక కిలోమీటర్లతో రావాలంటే బరువు 14 కిలోలకు మించకూడదు. అది దాదాపు అసాధ్యం.

అందుకే ఈ పనిలో అసలు విద్య బరువు తగ్గించడం. పలుచని ప్లైవుడ్ చట్రాలకు చిల్లులు పెడతారు, పైన బాల్సా చెక్క, ఫైబర్‌గ్లాస్ పొర వేస్తారు. తోక కాస్త బరువెక్కిందా, ముక్కులో అంతకు ఎక్కువే సీసం పెట్టాలి. రెక్కల కింది నాలుగు సన్నని గూళ్లలో విద్యుత్ ఫ్యాన్లో, కిరోసిన్ టర్బైన్లో ఇమడాలి.

బరువు మీద చట్టం కన్ను కూడా ఉంటుంది: బ్రిటన్‌లో నమూనా 25 కిలోలు దాటితే ఎగరేయడానికి విమానయాన నియంత్రణ సంస్థ ప్రత్యేక అనుమతి కావాలి.