చుట్ట అలవాటు, సిగార్ అభిరుచి

పోయిన సంక్రాంతికి విశాఖపట్నంలో మా అక్కయ్య ఇంట్లో అందరం చేరాం. భోజనాలయ్యాయి. మగవాళ్ళు వరండాలో కుర్చీలు వేసుకున్నారు. ఆడవాళ్ళం లోపల గిన్నెలు సర్దుకుంటూ, మిగిలిన పులిహోర ఎవరెవరికి కట్టివ్వాలో తేల్చుకుంటున్నాం. ఇంతలో మా అక్కయ్య అల్లుడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "చిన్నత్తయ్యగారూ, ఓసారి ఇలా వస్తారా? మీకో వస్తువు చూపించాలి" అన్నాడు.

ఆ అబ్బాయికి కెనడాలో ఉద్యోగం. నెమ్మదస్తుడు, మాట మన్నన తెలిసినవాడు. చేతిలో ఒక చెక్కపెట్టె ఉంది. మూత తీసేసరికి పాతకాలం బీరువా తెరిచినట్టు కమ్మని కలప వాసన వచ్చింది. లోపల పదో పన్నెండో చుట్టలు, పేరంటానికొచ్చిన ముత్తయిదువల్లా వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కోదాని మెడకీ ఒక రంగుకాగితం పట్టెడ.

"క్యూబా సిగార్లండీ. అచ్చంగా చేత్తో చుట్టినవి. ఒక్కోటి ఎంతో చెబితే మీరు తిడతారు" అన్నాడు.

"అయితే చెప్పకండి బాబూ" అన్నాను. అయినా చెప్పాడు. మా ఇంట్లో నెలకి పాలకయ్యే ఖర్చు అది!

"వీటిని కాల్చడం అనకూడదండీ. ఆస్వాదించడం అనాలి" అన్నాడు.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎంచేతంటే మా అమ్మమ్మ కూడా చుట్ట కాల్చేది. ఆవిడది ఆస్వాదన అని ఎవరూ అనలేదు.

ముందు ఆ అబ్బాయి చెప్పిన సంగతులు చెబుతాను. ఇంటికొచ్చాక నేనూ కాస్త చదివి చూసుకున్నాను. అతను చెప్పినవి గొప్పలు కావు, నిజాలే.

క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో అని ఒక సీమ ఉంది. అక్కడి ఎర్రనేలల్లో పండే పొగాకుకే లోకమంతటా పేరు. పైన చుట్టే ఆకు మచ్చ లేకుండా, పట్టులా పలచగా ఉండాలి కాబట్టి ఆ మొక్కలకి ఎండ తగలకుండా గుడ్డపందిళ్ళు వేస్తారట. కోసిన ఆకుని కొట్టాల్లో ఆరబెట్టి, పోగులు పెట్టి మాగనిచ్చి, మళ్ళీ ఆరనిస్తారు. కొన్ని ఆకులు చుట్టేవాళ్ళ చేతికి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మనం ఆవకాయ మాగడానికి నాలుగు రోజులు ఆగలేం!

లోపల పెట్టే ఆకు మూడు రకాలు. మొక్క అడుగున ఉన్న ఆకు బాగా మండడానికి, నడిమి ఆకు సువాసనకి, ఎండంతా తాగిన పై ఆకు ఘాటుకి. వీటిని ఏ పాళ్ళలో కలపాలన్నదే రహస్యం. మన సాంబారుపొడి లెక్కే అనుకోండి. వాటిని చేతిలో పట్టి, గాలి ఆడేంత వదులుగా, విడిపోనంత బిగువుగా చుట్టాలి. బిగిస్తే పొగ రాదు, వదిలేస్తే వేడెక్కిపోతుంది. వాళ్ళకుండే పనిముట్లు ఒక చెక్కపలక, అర్ధచంద్రాకారపు కత్తి, కాస్త చెట్టుజిగురు. తక్కినదంతా వేళ్ళలో ఉండాలి. అలా కూర్చుని చుట్ట సైజుని బట్టి రోజుకి అరవై మొదలు నూరు దాకా చుడతారు.

నాకు అన్నిటికంటే నచ్చినది మరొకటుంది. వాళ్ళు చుడుతుంటే ఒక మనిషి ఎత్తయిన అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాడు. పొద్దున్న వార్తాపత్రికలు, తర్వాత నవలలు. 1865లో హవానాలో మొదలైన ఆచారం ఇది. వెనకటి రోజుల్లో చదివేవాడికి జీతం ఇచ్చింది యజమాని కాదు, పనివాళ్ళే తమ కూలిలోంచి తలా కాస్త వేసుకుని ఇచ్చేవారు. ఏ నవల చదవాలో కూడా వాళ్ళే ఓట్లేసి తేల్చుకునేవారు. బాగుంటే చప్పట్లు ఉండవు, చేతిలో కత్తితో పలక మీద టకటకా కొడతారు. మాంటెక్రిస్టో అనే సిగార్‌కి ఆ పేరు రావడానికి కారణం డ్యూమా నవల మీద ఆ పనివాళ్ళకున్న మోజేనని చెబుతారు. చేతులు పనిలో ఉంటే చెవులకి కథ కావాలని ఆ పనివాళ్ళకి తోచింది. పప్పు రుబ్బుతూ రేడియో నాటకం విన్నవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ కర్మాగారాల్లో ఆడవాళ్ళు చాలాకాలం ఆకు మధ్య ఈనె తీయడానికే పరిమితం. చుట్టడం మగవాళ్ళ విద్య. 1960లలో హవానా శివార్లలో ఎల్ లగీతో అనే చోట ఆడవాళ్ళకి ఆ విద్య నేర్పి కూర్చోబెట్టారు. కొహీబా అనే ఖరీదైన రకం వాళ్ళ వేళ్ళలోంచే వచ్చింది. చాలా ఏళ్ళు దాన్ని పరదేశపు పెద్దలకి కానుకగా ఇచ్చేవారట, 1982 నుంచి బజారులో అమ్మకానికి పెట్టారు. ఇక క్యూబాలో ఆడపిల్లలు తొడల మీద పెట్టి చుట్టలు చుడతారని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. అది ఉత్త అబద్ధం. ఒళ్ళో ఆకు పరుచుకుని ఈనె తీస్తున్న ఆడమనిషిని చూసి, ఏ మగాడో కల్పించి ఉంటాడు. ఆవిడ నడుంనొప్పి మాత్రం ఏ కథలోనూ లేదు!

ఇంత పనితనం ఉన్న వస్తువుని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? చేతిలోకి తీసుకుని చూశాను. ఎక్కడా అతుకు కనబడలేదు. "బాగుంది బాబూ. చుట్టినవాళ్ళ చెయ్యి గొప్పది" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి.

మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం దగ్గర పల్లెటూరు. అక్కడి ఆడవాళ్ళలో చాలామందికి అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. గాలికి ఆరిపోదు, చంకలో బిడ్డ మీద నుసి పడదు, ఒక్క చుట్ట ఎక్కువసేపు వస్తుంది. అమ్మమ్మ చుట్టని ఎవరూ చుట్టిపెట్టలేదు. ఆకు తడిపి, ఈనె తీసి, అరచేతిలో తనే చుట్టుకుని దారం కట్టుకునేది. ఆవిడ చుట్ట కూడా విడిపోయేది కాదు. ఆ చెయ్యి గొప్పదని మాత్రం మాకెవరికీ తోచలేదు.

మధ్యాహ్నం అందరి తిళ్ళూ అయ్యాక, అంట్లు తోమి, దూడకి కుడితి పెట్టి, వీధి అరుగు మీద కూర్చునేది. చుట్ట అయ్యేదాకా ఆవిణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు. పిల్లలం వెళ్తే చెయ్యి అడ్డం పెట్టి అవతలికి పొమ్మనేది. తెల్లారి లేచిన దగ్గర్నుంచి మళ్ళీ పడుకునేదాకా ఆ ఇంట్లో ఆవిణ్ణి పిలిచే అధికారం ఎవరికీ లేని సమయం అదొక్కటే.

1976లో నాకు పెళ్ళిచూపులు. పట్నం సంబంధం. వాళ్ళు వచ్చే వేళకి అమ్మమ్మ అరుగు మీదే ఉంది. నేనే వెళ్ళి, "అమ్మమ్మా, వాళ్ళు వెళ్ళేదాకా నువ్వు పెరట్లో కూర్చోవూ?" అన్నాను. పంతొమ్మిదేళ్ళ పిల్లని. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, "సర్లేవే" అని లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా బావి పక్కన నేల మీద కూర్చుంది.

మూడేళ్ళకి అంగిట్లో పుండు పడింది. డాక్టరు చూడగానే చుట్ట సంగతే అడిగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. శ్రీకాకుళం జిల్లాలోనే పదివేలమందికి పైగా పల్లెవాసుల అంగిళ్ళు పరీక్షించి, అడ్డపొగ ఎంత చేటు చేస్తోందో వైద్యులు 1971లోనే ప్రకటించారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది మా అరుగు దాకా రాలేదు.

అంచేత నన్ను వేధించే ప్రశ్న ఇది. అదే ఆకు, అదే నిప్పు. ఒకరు కాలిస్తే మొరటు అలవాటు, ఇంకొకరు కాలిస్తే రసజ్ఞత. తేడా ఎక్కడుంది?

పనితనంలో ఉందందామా? చెయ్యి రెండు చోట్లా ఉంది. ఆరోగ్యంలో ఉందందామా? సిగార్ పొగ గుండెల్లోకి పీల్చరు, నోట్లో ఉంచుకుని వదిలేస్తారు, అంచేత ప్రమాదం లేదని మా అల్లుడిగారి వాదన. నోటికీ గొంతుకీ వచ్చే కాన్సర్ ఆ వాదన వినదు. పెద్ద సిగార్లు కొన్నిట్లో ఒక సిగరెట్ పెట్టె మొత్తంలో ఉన్నంత పొగాకు ఉంటుంది. అంగిటికి ధర చదవడం రాదు. మెడలో పట్టెడ ఉందో, నడుముకి దారం ఉందో దానికి తెలియదు.

ఇక మిగిలింది డబ్బూ, హోదా. లోకం ఎప్పుడూ అంతే. 1962లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబా సరుకు మీద నిషేధం పెట్టాడు. సంతకం పెట్టే ముందు తన కార్యదర్శి సాలింజర్‌ని పిలిచి, తనకిష్టమైన క్యూబా సిగార్లు దొరికినన్ని తెప్పించమన్నాడు. తెల్లారేసరికి 1200 వచ్చాక గానీ సంతకం పెట్టలేదని ఆ సాలింజరే తర్వాత రాశాడు. అవతల, సిగార్ లేకుండా ఫొటోలో కనబడని కాస్ట్రో, అది అమ్ముకుని బతికే దేశానికి నాయకుడై ఉండీ, జనానికి ఆదర్శంగా ఉండాలని 1985లో మానేశాడు. కాదన్నవాడు దాచుకున్నాడు, అమ్మేవాడు వదులుకున్నాడు. రుచి తెలియడం వేరు, రుచి చేతిలో పడిపోవడం వేరు అని నాకు ఈ ఇద్దరినీ చూస్తే అనిపిస్తుంది.

పోనీ, ఆ అబ్బాయిలో నాకు నచ్చినది ఏమీ లేదా? ఉంది. సిగార్ వెలిగించాలంటే తొందర పనికిరాదట. మంట తగిలీ తగలకుండా తిప్పుతూ అంటించాలట. మధ్యలో నుసి దులపకూడదట. ముగియడానికి గంట పైనే పడుతుందట. "ఆ గంటా ఫోను ముట్టుకోనండీ. ఎవరితోనూ పని గురించి మాట్లాడను" అన్నాడు. అప్పుడర్థమైంది నాకు. అతను అంత డబ్బు పోసి కొంటున్నది ఆకుని కాదు, ఒక గంటని. మా అమ్మమ్మ అరుగు మీద దక్కించుకున్నదీ ఆ గంటనే. ఇద్దరూ దానికి కట్టే వెల మాత్రం ఒంటితోనే.

మనబోటి వాళ్ళకి ఆ గంట ఎందుకు దొరకదు? ఊరికే కూర్చుంటే ఇంట్లో అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. మనకే గుర్తొస్తుంది ముందు. కూర్చోవడానికి ఒక సాకు కావాలి. చుట్టో, సిగారో, మరోటో. సాకు లేకుండా, "ఈ గంట నాది" అని చెప్పి కూర్చోగలిగితే ఆ పొగతో ఎవరికి పని? కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, అది చల్లారకముందే, దాని రుచి తెలిసేలా తాగి ఎన్నాళ్ళయిందో ఒకసారి మీరూ గుర్తుచేసుకోండి. ఆస్వాదించడం అంటే శ్రద్ధ. దానికి క్యూబా దాకా వెళ్ళక్కర్లేదు. వస్తువుని చేసిన చెయ్యి ఎవరిదో, దాని వెల ఎవరు కడుతున్నారో తెలిసి ఉండటం కూడా ఆ శ్రద్ధలో భాగమే అంటాను. అది తెలియకుండా మెచ్చుకునేది వస్తువుని కాదు, ధరని.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పలేదు. అమ్మమ్మ అంగిలి సంగతి మాత్రం చెప్పాను. మౌనంగా విన్నాడు. కాసేపటికి ఒక సిగార్ తీసుకుని లేచాడు. మా అక్కయ్య కూతురు లోపల్నుంచి, "పిల్లలున్నారు కదండీ, పెరట్లోకి వెళ్ళండి" అంది. నవ్వుతూ వెళ్ళాడు.

అతని వెనకాలే ఎవరో కుర్చీ పట్టుకెళ్ళారు. అల్లుడు కదా మరి. ఆ కుర్చీ వైపే చూస్తూ నిలబడిపోయాను. అమ్మమ్మని పెరట్లోకి పంపించిన రోజున, కనీసం ఒక పీటైనా వెయ్యాలని నాకు తోచలేదు.