మునగడానికి ముందు

పోయిన మార్చిలో మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. డిగ్రీ అయిపోయి, అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోంది. "అన్నా, ఈస్టర్‌కి బాప్తిస్మం తీస్కుందామనుకుంటున్న. తీస్కుంటే క్యాస్ట్ సర్టిఫికెట్ పోతదా?"

ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి ప్రింటర్ రిపేరు నుంచి రాజ్యాంగం దాకా అన్నీ నన్నే అడుగుతారు. "కనుక్కొని చెప్తా" అన్నాను. అది అబద్ధం. కనుక్కోవాల్సిందేమీ లేదు. నాకు ముప్పై నాలుగేళ్లు, నేనింకా మునగలేదు.

మాది పాలమూరు వైపు, ఎం.బి. చర్చి, అంటే మెన్నోనైట్ బ్రదరన్. మా దగ్గర పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసినవాళ్లు తమంతట తాము అడగాలి, సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, ఆ తర్వాత నిండా మునగాలి. నేను ఎంసెట్ రాసిన ఏడాది అడిగాను. "సీటు రానీ బిడ్డా" అంది అమ్మ. సీటొచ్చింది. "నౌకరి రానీ" అంది. అదీ వచ్చింది. ఆ నౌకరిలో ఎవరూ ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. అంటే అమ్మ చెప్పిన కారణం చెల్లిపోయి పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్ల ఆలస్యం నాదే.

కారణం ఏమిటో ఈ వ్యాసం చదివేవాళ్లలో కొందరికి తెలీకపోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల వాళ్లు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. చేర్చమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది, 2022లో ఇంకో కమిషన్ వేశారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి అవుతారు. ఆ గ్రూపుకి రిజర్వేషన్ ఒక్క శాతం, ఎస్సీలకు పదిహేను. గ్రూప్స్ రాసే పిల్ల ఫోన్లో అడిగింది ఈ తేడా గురించే.

ఇప్పుడు బాప్తిస్మం అంటే చర్చి ఏం చెప్తుందో చూడండి. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు దాన్ని సమాధితో పోలుస్తాడు. నీళ్లలోకి పోవడం పాతిపెట్టబడడం, పైకి రావడం తిరిగి లేవడం. మా పాస్టరుగారు మనిషిని వెనక్కి వాల్చి ముంచుతారు, శవాన్ని గుంతలోకి దించినట్టే. చిన్నప్పుడు బావి గట్టున కూర్చుని చూస్తుంటే నాకు భయమేసేది. ఇంకొక పత్రికలో, గలతీయులకు రాసినదాంట్లో, ఇలా మునిగినవాళ్లలో యూదుడు, గ్రీకు, దాసుడు, స్వతంత్రుడు అనే భేదం లేదంటాడు. పాత మనిషి చచ్చిపోయాడు కాబట్టి అతని కులమూ పోయిందని మనం అనుకోవచ్చు.

ఈ మాటని అక్షరాలా నమ్మింది ఎవరు? ఊరు నమ్మలేదు. మునిగి లేచిన మాదిగ ఊరికి మాదిగే. చర్చి కూడా పూర్తిగా నమ్మలేదు. మ్యాట్రిమొనీ సైట్లలో మతం దగ్గర క్రిస్టియన్ అని నొక్కాక కింద కులం గడి ఇంకోటి తెరుచుకుంటుంది, మావాళ్లు దాన్ని ఖాళీగా వదలరు. నమ్మింది ఒక్క ప్రభుత్వమే. పాత మనిషి నిజంగానే చచ్చిపోయాడని, అతని కులం కూడా అతనితో పోయిందని రెవెన్యూ ఆఫీసుకి గట్టి విశ్వాసం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక పాస్టరు కేసు వచ్చింది. తనని కులం పేరుతో దూషించి కొట్టారని ఆయన ఫిర్యాదు. క్రైస్తవుడయ్యాక ఎస్సీ కాదు కనక అట్రాసిటీ చట్టం ఆయనకి వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. ఫిర్యాదు నిజమైతే, తిట్టినవాళ్లకి ఆయన కులం ఇంకా బతికే ఉందన్నమాట.

2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇంకా చిత్రం. పుదుచ్చేరి అమ్మాయి ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. తను హిందువునే అంది. కోర్టు కాదనడానికి చూపిన ఆధారాల్లో ఒకటి ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మం రికార్డు. మా చర్చి లెక్కలో అసలు అది బాప్తిస్మమే కాదు! ఈ మాట అన్నందుకే మా ఆధ్యాత్మిక పూర్వీకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1525లో జ్యూరిక్‌లో కొందరు, పసివాళ్లకిచ్చింది చెల్లదని, పెద్దయ్యాక మళ్లీ తీసుకున్నారు. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్ అనే అతన్ని 1527 జనవరిలో అక్కడి నదిలోనే ముంచి చంపారు. వాళ్ల సంప్రదాయంలో పుట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి 1890లో నల్లగొండ వచ్చాడు. 1937లో అమెరికన్ బాప్తిస్టుల చేతిలోని మహబూబ్‌నగర్ స్టేషన్ మెన్నోనైట్ బ్రదరన్‌కి వచ్చింది. నేను వాయిదా వేస్తున్న ముంపు అంత దూరం నుంచి వచ్చింది. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వాయిదాలకూ పాత చరిత్రే ఉంది. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ చావు దగ్గరపడ్డాకే, 337లో, బాప్తిస్మం తీసుకున్నాడు. మన దగ్గర వాయిదా వేసింది మిషనరీ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని జనాలకి కూలి ఇప్పించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం సాగినన్నాళ్లూ ఇవ్వనన్నాడు, తిండి కోసం మునిగారన్న మాట వస్తుందని. అది ఆగిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో శివయ్య సైమన్ అయ్యేది ఈ కరువూ ఈ కాలువా మధ్యనే. ఆ నవల చదివినప్పుడు నన్ను పట్టుకున్నది పేరు మారడం కాదు, పేరు మారాక కూడా నడవాల్సిన దూరం. క్లౌ లాభం అంటుకోకుండా ఆపాడు. అమ్మ నష్టం అంటుకోకుండా ఆపింది. ఇద్దరిదీ ఒకే భయం: నీళ్లకు ఒక రేటు ఉందని.

నాలుగు రోజుల తర్వాత చెల్లెకి ఫోన్ చేసి చట్టం చెప్పాను. చట్టం చూసేది నువ్వు మునిగావా లేదా అని కాదు. ఏ మతాన్ని పాటిస్తున్నావని. బాప్తిస్మం దానికి ఒక ఆధారం, అంతే. చెప్తుంటేనే నాకు తట్టింది, మా చర్చి చెప్పేదీ అదే. నీళ్లు ఏమీ చెయ్యవు, విశ్వాసం ముందే వచ్చేసింది, మునగడం దానికి బహిరంగ సాక్ష్యం అంటారు. కోర్టు సాక్ష్యాధారం అంటుంది, పాస్టరుగారు సాక్ష్యం అంటారు. మునగకుండా ఆగితే చాలు అన్నది ఈ ఇద్దరిదీ కాదు, మధ్యలో మేం కనిపెట్టుకున్న నియమం.

కాసేపు మాట్లాడలేదు. "అయితే చర్చికి పోవుడే బంజెయ్యాల్నా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి మా అమ్మమ్మ గుర్తొస్తోంది. ఆమెకి రెండు పేర్లు, రేషన్ కార్డులో ఒకటి, చర్చి రిజిస్టర్లో ఒకటి. చదువు రాదు. కొత్త జీవితం అంటే ఏంటని అడిగితే చెప్పగలిగేది కాదు. కానీ ఐతారం కూలికి పోదు. నాట్ల కాలంలో కూడా. క్లౌ కాలంలో మునిగేవాళ్ల దగ్గర తీసుకున్న మాటలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇంగ్లిష్‌లో చదివినప్పుడు ఇవి సండే స్కూల్ రూల్స్‌లా ఉంటాయి. వెట్టి నడిచిన నేలమీద పెట్టి చూడండి. దొర కబురు పంపితే, ఇవాళ రాను, ఇవాళ నాది కాదు, నీది అంతకన్నా కాదు అని చెప్పడం. అమ్మమ్మ కాలానికి దొరలు పోయారు, ఆసాములున్నారు. పొలం పదునులో ఉంటే ఇంటిముందుకొచ్చి అరిచేవాళ్లట. వారానికొక రోజు కూలి పోయేది, ఆ రోజు పొయ్యి మీద గటక పలచబడేది. ఆమె తెల్లచీర కట్టుకుని బైబిల్ పట్టుకుని పోయేది. చదవలేని బైబిల్. ఆమెకి ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న భయం లేదు నిజమే, ఎందుకంటే దానితో వచ్చేదేదీ ఆమె దాకా రాలేదు. అందుకని ఆమెతో మమ్మల్ని పోల్చడం న్యాయం కాదని నాకు నేను చెప్పుకుంటాను. సగమే నమ్ముతాను.

గ్రీకులో బాప్తిస్మం అన్న మాటకి చుట్టం అయిన క్రియ ఒకటుంది. ముంచడం అని అర్థం, బట్టకి రంగు అద్దడానికీ అదే వాడతారు. పోచంపల్లిలో చిటికి కట్టేవాళ్లని చూశాను. నూలుని రబ్బరు పట్టీలతో అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. కట్టింది ఎవరో నూలుకి ఏం తెలుసు. 1950 ముడి ఒకటి నాకు పైనుంచి పడింది. ఈ పన్నెండేళ్ల ముడి మాత్రం నేను వేసుకున్నదే. సంఘం ముందు నిలబడి గట్టిగా చెప్పడానికి నాకున్నది భయమా, విశ్వాసం పలచబడిందా అన్నది సర్టిఫికెట్ వెనక దాక్కుని ఇన్నాళ్లూ తేల్చుకోలేదు.

ఈస్టర్‌కి చెల్లె మునగలేదు. రిజల్ట్స్ వచ్చాక చూద్దామంది. నాకు చిన్న నిరాశ కలిగింది, వెంటనే దాని మీద రోత కూడా కలిగింది. నేను చెయ్యని పని ఇరవై రెండేళ్ల పిల్ల, ఏ నౌకరీ లేని పిల్ల, నా బదులు చెయ్యాలనుకున్నాను.

ఆ ఆదివారం ఊరెళ్లాను. అమ్మ చాయ్ పోస్తూ అడిగింది.

"దానికేం చెప్పినవ్?"

"చట్టం ఏముందో చెప్పిన."

"గంతేనా?" అంది.