గీత ఒక్కటే, బ్లేడు వేరు

తప్పు చేసిన వారినందరిని ఒకే మాటతో గద్దించుట న్యాయమా? మనిషిని బట్టి మాట మార్చుట న్యాయమా? ఒకే మాట అనినయెడల కొందరు విరిగిపోవుదురు. మాట మార్చినయెడల పక్షపాతమందురు. ఈ ప్రశ్నకు జవాబు మాకు ఒక ప్లైవుడ్డు పలక మీద దొరికినది.

గత క్రిస్మసుకు ముందు ఆదివారపు బడి పిల్లలకొరకు గొఱ్ఱెపిల్లల బొమ్మలు కోయదలచి, మా సంఘపు వడ్రంగి యొద్దనుండి జిగ్‌సా మిషను తెచ్చుకొంటిమి. టేకు పలకలు కోయు పెద్ద పండ్ల బ్లేడు దానికి బిగించి యుండెను. దానితోనే మొదలుపెట్టితిమి. అంచు పొడుగునా పైపొర పెచ్చులుగా లేచెను. వంపు తిరుగలేదని బలముగా నెట్టితిమి. బ్లేడు వంగి గీత తప్పెను.

వడ్రంగి వచ్చి చూచి నవ్వెను. “మిషను మీద కోపమెందుకు అయ్యగారూ? టేకుకు ఏసే బ్లేడు దీనికేస్తే గిట్లనే అయితది. మంచి మొఖం కిందికి పెట్టి, గీత ఎన్క దిక్కు గీసుకోవాలె. నెట్టొద్దు, దాని పని దాన్ని చేయనియ్యాలె.”

ఆ సాయంత్రము అతడు మాకు నేర్పినదిది. అంగుళమునకు ఆరు మొదలు పది పండ్లున్న బ్లేడు కొయ్యను త్వరగా కోయును గాని అంచు గరుకుగా నుండును. పండ్లు దగ్గరగా నున్నది నెమ్మదిగా, నున్నగా కోయును. ఇనుప రేకునకు అంగుళమునకు ఇరువదికి పైగా సన్నని పండ్లు కావలెను. లేనియెడల రేకు పండ్లకు తగులుకొని అదరును. వంపులకు సన్నని బ్లేడు, తిన్నని కోతకు వెడల్పుది. సాధారణమైన బ్లేడు పైకి లేచునప్పుడు కోయును గనుక పెచ్చులు పైముఖముననే లేచును. అందుచేతనే నలుగురు చూచు ముఖమును క్రిందికి త్రిప్పవలెను.

ఈ కడపటి మాట మా మనస్సున గ్రుచ్చుకొనెను. కొన్ని ఏండ్ల క్రిందట, యౌవనుల చందా సొమ్ము వాడుకొని తిరిగి కట్టలేకపోయిన ఒక పిల్లవానిని ఆరాధన కాగానే అందరి యెదుట గద్దించితిమి. అంతకు నెల ముందు, అబద్ధమాడి నవ్విన ఒక పెద్దమనిషిని అదే మాటతో గద్దించి యుంటిమి. అతనికి అది చాలినదే. పిల్లవాడు మాత్రము అప్పటికే సిగ్గుతో సగము చచ్చియుండెను. మరుసటి ఆదివారము రాలేదు. తరువాత గల్ఫుకు పోయెను. అతని తల్లి ఇప్పుడు ఒంటరిగా వచ్చి వెనుక కూర్చుండును. మేము ఫోనులో క్షమాపణ అడిగితిమి. “పర్వాలేదు అయ్యగారూ” అనెను. ఆ మాటతో మా భారము తీరలేదు.

అయితే మాట మార్చుట పక్షపాతము కాదా? పలక మీద గీసిన గీత మారినయెడల పక్షపాతమే. ధనవంతుని అప్పు మన్నించి బీదవాని అప్పు వసూలు చేసినయెడల, యాకోబు పత్రిక 2వ అధ్యాయము మనలను నిలువదీయును. ఆ పిల్లవాడు సొమ్ము కట్టవలసినదే, అది గీత. ఏకాంతమున చెప్పవలెనా, నలుగురిలోనా, కఠినముగానా, మెల్లగానా అనునది బ్లేడు. మొదట ఒంటరిగా చెప్పుమని ప్రభువు మత్తయి 18:15లో నేర్పెను. క్రమము తప్పినవానికి హెచ్చరిక, క్రుంగినవానికి ఆదరణ, బలము లేనివానికి చేయూత అని పౌలు మొదటి థెస్సలొనీకయుల పత్రిక 5:14లో వేరుపరచెను.

మనలను మనము పరీక్షించుకొనుటకు ఒక ప్రశ్న చాలును: ఈ మెత్తని మాట అతని మేలుకొరకా, మన భయము చేతనా? కఠినమైన మాటయైనను అంతే: అతని మేలుకొరకా, మన కోపము తీరుటకా?

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్‌లో పనివారు మెత్తని పొనికి కొయ్యతో బొమ్మలు చేయుదురు. కోయగా రాలిన రంపపు పొట్టును పారవేయరు. చింతగింజల జిగురుతో కలిపి దానితోనే బొమ్మలకు మెత్తుదురు. మనము కోసిన చోట రాలినదానిని మనమును ఏరుకొందము. తప్పు కోత కోసితిమని ఒప్పుకొనుటయే దానికి జిగురు. ఆ తల్లి ప్రక్కన ఈ ఆదివారము ఎవరు కూర్చుందురు?