ఇష్టంగా చేస్తే విలువ తగ్గుతుందా?



కొందరి ఇళ్ళలో ఒక మూల వ్యాయామ సైకిలు కనిపిస్తుంది. డాక్టరుగారు షుగరు ఉందని చెప్పిన రోజున కొన్నది. మొదటి వారం ఇంటిల్లిపాదీ తొక్కుతారు. రెండో నెలకల్లా దానిమీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. దాన్ని చూసినప్పుడల్లా ఇంటాయన 'నాకు పట్టుదల లేదు' అని తనను తానే నిందించుకుంటాడు. ఆ నింద న్యాయమేనా? లోపం పట్టుదలలో ఉందా, ఎంపికలో ఉందా?

మేలు చేసేది చేదుగానే ఉండాలనీ, ఇష్టంగా చేసినది కర్తవ్యం కింద జమకాదనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. దీనికి జర్మను తత్త్వవేత్త కాంట్‌ను సాక్షిగా పిలుస్తుంటారు. ఇష్టాయిష్టాల వల్ల కాక, కర్తవ్యమని చేసిన పనికే నైతిక విలువ ఉంటుందని ఆయన 1785లో వాదించిన మాట నిజమే. అయితే కర్తవ్యాన్ని ఏడుస్తూ చేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు. సంతోషం లేకుండా వెట్టిచాకిరిలా నెరవేర్చినదానికి ఆంతరంగిక విలువ ఉండదని 1797 నాటి గ్రంథంలో ఆయనే స్పష్టం చేశారు.

అంతకు రెండువేల ఏళ్ళకు పూర్వమే అరిస్టాటిల్ ఈ సంగతి ఆలోచించాడు. భోగాలకు దూరంగా ఉండి, అందులోనే ఆనందించేవాడు నిగ్రహపరుడు. దూరంగా ఉంటూనే లోలోపల బాధపడేవాడికి ఆ గుణం ఇంకా పట్టుబడలేదు. అంటే ఆనందం సద్గుణానికి శత్రువు కాదు, అది మనలో కుదురుకున్నదనడానికి గుర్తు. పునీత తోమస్ అక్వినాసు మరో మాట చేర్చారు. శరీరం అలసినట్లే మనసూ అలసిపోతుంది, దానికి ఆటే విశ్రాంతి. ఆటాపాటా బొత్తిగా గిట్టకపోవడం కూడా ఆయన దృష్టిలో దోషమే!

'ఆనందం కోసం మొదలుపెట్టినవాడు అది తగ్గగానే మానేస్తాడు గదా ఫాదర్?' అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. గమ్యం వేరు, దారిలో తోడు వేరు. ఇక్కడ గమ్యం ఆరోగ్యం, ఆనందం తోడు మాత్రమే. ఒక్కోరోజు తోడు రాకపోవచ్చు. ఆ రోజు ఒంటరిగానే నడవాలి. పట్టుదల పని అక్కడే. కాని ఏనాడూ తోడు దొరకని దారిని ఎంచుకుంటే ఎంతో దూరం పోలేము.

ఇక లెక్కలు చూద్దాం. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును తీసివేసింది. లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లోనే చూపించాడు. ఎక్కడ కదిలావని శరీరం అడగదు, కదిలావా అని మాత్రమే అడుగుతుంది.

కాబట్టి కోలాటం తెలిసినవారు ముందుగదిలోనే పాట పెట్టుకుని అడుగులు వేయండి. మోకాళ్ళు బాగున్నవారు తాడాట ఆడండి. మనవలున్నవారు వారితో తొక్కుడుబిళ్ళ ఆడండి. గుండెజబ్బు, కీళ్ళనొప్పులు ఉన్నవారు ముందుగా డాక్టరును సంప్రదించండి. రెండు వారాలు చేసి చూడండి. నచ్చకపోతే మార్చండి, మానకండి.

చివరగా ఒక న్యాయం మాట. 'ఆడవాళ్ళకు ఇంటిపనే వ్యాయామం' అనడం మనకు అలవాటు. 2024లో వెలువడిన లాన్సెట్ పత్రిక అధ్యయనం ప్రకారం, 2022లో మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని స్త్రీలు సుమారు 57 శాతం, పురుషులు 42 శాతం. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడడం అలసటే గాని వ్యాయామం కాదు. ఇష్టమైనది ఎంచుకోవాలంటే ముందు తనదంటూ ఒక అరగంట ఉండాలి. చాలామంది తల్లులకు లేనిది ఆ అరగంటే. ఆ సమయంలో భర్త చీపురు పట్టుకుంటే ఆయనకు వ్యాయామం, ఆమెకు వెసులుబాటు. ఒకరి చాకిరిమీద మరొకరు ఆనందించడం మాత్రం మనం పైన చెప్పుకొన్న ఆనందం కాదు.

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు కొరింతీయులకు గుర్తుచేశారు. ఆలయాన్ని ఊడ్చేవారు పాడుకుంటూ ఊడిస్తే తప్పేముంది? ఈ సాయంత్రం మీ ఇంట్లో ఆ అరగంట ఎవరికి దొరకడం లేదో గమనించండి. మొదలు అక్కడ పెట్టండి.