మీరేమిట్లు?

నరసరావుపేటలోగాని గురజాలలోగాని అద్దె యింటికై వచ్చిన కుటుంబమును యజమాని తరచుగా మొదట అడుగు ప్రశ్న ఉద్యోగమును గూర్చినది కాదు, జీతమును గూర్చినదియు కాదు. "మీరేమిట్లు?" అని అడుగును. ఈ మాటలో ద్వేషము పైకి కానరాదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చిరునవ్వుతోనే అడుగుదురు. మహమ్మదీయులమనియో, మాలలమనియో, మాదిగలమనియో, క్రైస్తవులమనియో జవాబు వచ్చినచో, అంతవరకు ఖాళీగా నున్న వాటా అప్పటికప్పుడు బంధువుల కిచ్చినదై పోవును.

రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులో నున్నది. మతమునుబట్టి, కులమునుబట్టి, జన్మస్థలమునుబట్టి రాజ్యము పౌరులయెడ వివక్ష చూపరాదని 15వ అధికరణము శాసించినది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. అయినను ఆ కుటుంబము ఆ గడపయందు పిలువని అతిథివలె నిలువవలసివచ్చినది. పౌరసత్వము రాజ్య మిచ్చును. "మనవారు" అను మాటను మాత్రము పొరుగువారే యియ్యవలెను. ఆ మాట కరవైన చోట పౌరసత్వమునకు మిగులు విలువ యెంత?

పల్నాటి సీమకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా జేసికొని సేనానిని గావించెనని పల్నాటి వీరుల కథ చెప్పుచున్నది. చాపకూడు అను మాట వినని పిల్లవాడు మాచర్లలో ఉండడు. అయితే ఈ కథను చదువునపుడు శివభక్తులు కొంత ఇబ్బంది పడక తప్పదు. చాపకూడు పెట్టినవాడు వైష్ణవుడు. దానిని ఆక్షేపించిన పక్షమునకు మంత్రిణి శివభక్తురాలైన నాగమ్మ. కారెంపూడి యుద్ధమునకు దాయాదుల రాజ్యవివాదమే ముఖ్యకారణమన్నది నిజమే. కాని శైవనామము ధరించినంత మాత్రమున సమత్వము దానంతట అది రాదని ఈ కథ నిర్మొగమాటముగా చెప్పుచున్నది. మఠములలో దీనిని దాటవేయుట కంటె చదివి చర్చించుటయే మేలు.

ఆ శతాబ్దముననే కల్యాణమున బసవేశ్వరుని అనుచరులలో చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెతో వివాహము జరిగినది. బిజ్జలుని ఆజ్ఞచే ఆ తండ్రు లిరువురు క్రూరముగా చంపబడిరని వీరశైవ సంప్రదాయము చెప్పుచున్నది. శరణులు కల్యాణమును విడిచి నలుదిక్కులకు చెదరిపోయిరి. పిల్లాపాపలతో, మూటాముల్లెతో వారు చేరిన ఊళ్ళలో "మీరెవరు?" అని అడుగనివా రెందరుందురు? అట్టి నిర్వాసితులను పూర్వులుగా తలచుకొను సమాజము నేడు తన అరుగుపై కూర్చుండి అదే ప్రశ్న నితరుల నడుగుచున్నది.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. చాపకూడు మహత్కార్యమే, కాని చాప ఒకరిది. పరచినవానికి చుట్టివేయు అధికారమును ఉండును. బసవేశ్వరుని మార్గము వేరు. ఆయన అనుయాయి దేవుని తన దేహముననే ధరించును. గుడి తలుపు తెరువుమని ఎవరిని ప్రార్థింపనక్కరలేదు, మూసితిమని ఎవరును బెదిరింపజాలరు. పౌరసత్వమును ఇట్టిదే. అది సంఖ్యాధికులు దయతో పరచిన చాప కాదు, ప్రతి మానవుడు తనతో గొనివచ్చునది.

ఈ భేదమును తన బ్రదుకున అనుభవించినవాడు వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ. ఆ ఊరి అవధాన సభలో పద్యములు చదివినందుకు, తక్కువ కులమువానిని లోనికి రానిచ్చిన దెవరని కొందరు ఆయనను అవమానించిరి. క్రైస్తవకుటుంబమున పుట్టినవాడు పురాణకవిత్వ మల్లుచున్నాడని అటువైపు పెద్దలును వెలివేసిరి. రెండు గడపలయందును ఆయన బయటివాడే. 1941లో వెలువడిన "గబ్బిలము" కావ్యమున, గుడిలో అడుగిడ వీలులేని పేదవాడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవింపుమని ఒక గబ్బిలమును వేడుకొనును. పక్షికి అడ్డులేని గర్భగుడి మనుష్యునికి మూసియుండినది. ఆ దైవము శివుడే. లింగధారులకు ఇంతకంటె సిగ్గు కలిగించు సంగతి లేదు. తరువాత ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారము, 1970లో పద్మభూషణము వచ్చినవి. బిరుదు వచ్చిన పిదప అందరును మావాడే యనిరి. బిరుదు లేనివాని సంగతి ఏమి?

మతము మారినను కులము వెంటాడును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులు, మహమ్మదీయులు అందు చేరలేదు. చర్చికి పోవు మాదిగ యింటికి చట్టము "నీకు కులము లేదు" అనుచున్నది. ఇల్లద్దె కిచ్చువాడు మాత్రము ఆ మాట అనడు.

శాకాహార నియమముగల ఇంటివారు ఒక అభ్యంతరము చెప్పుదురు: వంటయింటి వాసనలు, పూజ, శుచి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఇంటిలో మాంసము వండరాదని నియమము పెట్టుకొనవచ్చును, దానిని వచ్చిన వారందరికి సమానముగా చెప్పవచ్చును. నియమమునకు ఒప్పుకొన్నవానిని పుట్టుకనుబట్టి పంపివేసిన పిదప శుచి అనునది సాకు మాత్రమే. మాంసము తినెడి అగ్రకులస్థునికి ఆ వాటాయే దొరకుచున్నది గదా!

పల్నాటిలో వీరశైవులు కొద్దిమంది. విభూతిని, మెడలోని లింగమును జూచి "మీరేమిట్లు?" అని అడిగించుకొనుట వారికిని తెలియును. 2018లో కర్ణాటక ప్రభుత్వము లింగాయతులకు మతపరమైన అల్పసంఖ్యాక హోదా నియ్యవలెనని సిఫారసు చేయగా, కేంద్రము అంగీకరింపలేదు. ఆ కోరికపై సమాజమున భిన్నాభిప్రాయములున్నవి. అల్పసంఖ్యాకుల బాధను తమదిగా చెప్పుకొనువారు ఇతర అల్పసంఖ్యాకులకు ఇల్లియ్య నిరాకరింపవచ్చునా యను విషయమున మాత్రము భిన్నాభిప్రాయమున కెడమున్నట్లు తోపదు.

కారెంపూడిలో ఏటేట కార్తీక అమావాస్యనుండి వీరుల తిరునాళ్ళు జరుగును. మందపోరు నాడు నేటికిని చాపకూడు వడ్డింతురు. అన్ని కులములవారు పంక్తిలో కూర్చుండి తిందురు. ఆ సాయంకాలము బస్సెక్కి నరసరావుపేట చేరుకొనువారిలో అద్దె యిండ్లు గలవారును ఉందురు, అద్దె యిల్లు వెదకువారును ఉందురు.