భయపెట్టడం కూడా బాధించటమే

2020 సెప్టెంబరులో ఇంగ్లాండ్‌లోని శాల్ఫర్డ్ ప్రాంతంలో ఒక వ్యక్తి బతికున్న పామును మెడకూ నోటికీ చుట్టుకొని బస్సెక్కాడు. కరోనా రోజులవి. బస్సులో మాస్కు తప్పనిసరి. పామునే మాస్కు చేసుకున్నాడన్నమాట! కాసేపటికి అది బస్సు కడ్డీల మీద పాకింది. చూసినవారిలో కొందరికి సరదాగానే తోచింది. పాము మాస్కు కిందికి రాదని రవాణా అధికారులు చెప్పవలసి వచ్చింది. లోకం నవ్వుకొని మరచిపోయింది.

మనం మాత్రం ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆ పాముకు విషం లేదనే అనుకుందాం. అంతమాత్రాన పక్క సీటులోని మనిషి గుండెదడకు యజమాని బాధ్యుడు కాకుండా పోతాడా?

'నా పాము ఎవరినీ ఏమీ చేయదు, భయపడటం వారి అజ్ఞానం' అని కొందరు వాదిస్తారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన చేతికర్ర పాములా కదలటం చూసి వెనుదిరిగి పరుగెత్తారని దివ్య ఖుర్ఆన్ (27:10) తెలుపుతోంది. అల్లాహ్ ఆయన్ని ఎగతాళి చేయలేదు, భయపడవద్దని ధైర్యం చెప్పాడు. పామును చూసి జంకటం మానవ నైజం.

ఒక ప్రయాణంలో సహాబాలలో ఒకరు నిద్రపోతుండగా, కొందరు వెళ్ళి ఆయన దగ్గరున్న తాడు తీశారు. ఆయన ఉలిక్కిపడ్డారు. గాయం లేదు, నష్టమూ లేదు. అయినా ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు (అబూదావూద్). మస్జిదులో, బజారులో బాణాలతో వెళ్ళేవారు వాటి మొనలు పట్టుకొని నడవాలని కూడా ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). బాణం తనదే కావచ్చు, దారి మాత్రం అందరిదీ. పొరుగువాడు ఏ మతస్థుడైనా మన వల్ల నిశ్చింతగా ఉండాలి.

'అయితే ఎవరో భయపడుతున్నారని మేము గడ్డం, టోపీ కూడా దాచుకోవాలా?' అని మన యువకులు అడగవచ్చు. అక్కర్లేదు. మనిషిని అతని ధర్మం చూసి శంకించటం దురనుమానం, ఖుర్ఆన్ (49:12) వారించిన పాపం. పాము సంగతి వేరు. అది విషసర్పమా కాదా అన్నది చూడగానే అందరికీ తెలియదు. అక్కడ జాగ్రత్తే ప్రాణరక్షణ. కట్లపాము, రక్తపింజరి కాటుకు అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. వారి భయాన్ని వేళాకోళం చేయగలమా?

చాటున దాగి బతికే ఆ మూగజీవికి కూడా జనం రద్దీ, కుదుపులు హింసే. పైగా మన దేశంలో నాగుపాము, కొండచిలువ వంటివాటిని పట్టి పెంచటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పాములు పెంచేవారు మనలో అరుదు. కాని చెల్లెలి ఒళ్ళో రబ్బరు పామును విసిరి నవ్వే అబ్బాయిలు మన ఇళ్ళలోనే ఉన్నారు. 'తమాషాకేలే' అని మనమూ నవ్వుతాం. ఆ పసిదాని ముఖం చూడండి, తమాషా ఎవరికో తెలుస్తుంది.

మన చేతి వల్ల, మాట వల్ల, వినోదం వల్ల ఎవరి గుండే అదరకుండా బ్రతికే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.